అవసరానికి అలంకారం లింకు

ఎలక్ట్రిక్ పికప్ ట్రక్కు కొనేవాళ్ళు చివరిదాకా తేల్చుకోలేనిది ట్రిమ్ సంగతి. ఒకే బండిని కంపెనీ నాలుగైదు మెట్లుగా చేసి, మెట్టుకో పేరు, పేరుకో ధర పెడుతుంది. మన షోరూముల్లో వేరియంట్ అనేదాన్నే అమెరికాలో ట్రిమ్ అంటారు. అట్టడుగున బేస్, అన్నిటికీ పైన టాప్ ఎండ్. చేతిలో ఎంత ఉంది, రోజుకు ఎంత తిరగాలి, వెనక ట్రైలర్ లాగాలా వద్దా అని లెక్క వేసుకుంటే గంటలో తేలిపోవాల్సిన విషయమిది. తేలదు. ఆ లెక్క అడుగున పాత ప్రశ్న ఒకటి ఉంది: మనిషికి ఎంతైతే చాలు? ఆ గీత గీయాల్సింది ఎవరు, ఎప్పుడు? మితం బోధించినవాళ్ళలో చాలామంది అవసరం ఒక పక్కన, ఆడంబరం ఇంకో పక్కన విడివిడిగా కనిపిస్తాయనీ, చూసి రెండోదాన్ని వదిలేస్తే సరిపోతుందనీ అనుకున్నారు. ట్రిమ్ పట్టికలో అవి విడివిడిగా ఉండవు.

ఫోర్డ్ ఎఫ్-150 లైట్నింగ్‌లో ఇది స్పష్టంగా కనిపిస్తుంది. 2022లో మిషిగన్ రాష్ట్రంలోని డియర్‌బార్న్ నుంచి బయటికొచ్చినప్పుడు దానికి నాలుగు మెట్లు: ప్రో 39,974 డాలర్లు, ఎక్స్‌ఎల్‌టీ 52,974, లారియట్ 67,474, ప్లాటినం 90,874. బ్యాటరీలు మాత్రం రెండే. చిన్నది 98 యూనిట్లది, పెద్దది 131 యూనిట్లది. చిన్నదానితో ఒక్క చార్జింగ్‌కు 230 మైళ్ళు, అంటే 370 కిలోమీటర్లు. పెద్దదానితో 320 మైళ్ళు, దాదాపు 515 కిలోమీటర్లు. ఊరికి దూరంగా ఉండే రైతుకో, సామాను వేసుకుని రోజంతా తిరిగే ఎలక్ట్రీషియన్‌కో పెద్ద బ్యాటరీ అవసరమనే అనుకుందాం. ప్రోలో పెద్ద బ్యాటరీ ధర 49,974 డాలర్లు. కానీ దాన్ని పదుల సంఖ్యలో బండ్లు కొనే సంస్థలకే ఇచ్చారు. ఒక్క బండి కొనుక్కునే మనిషి ఎక్స్‌ఎల్‌టీకి ఎక్కాలి, అందులోనూ పై ప్యాకేజీ పట్టుకోవాలి: 72,474 డాలర్లు. బ్యాటరీ అదే, దూరం అదే. తేడా 22,500 డాలర్లు. ఆ తేడాకు వచ్చేవన్నీ అతను అడగని హంగులు.

పైమెట్టు దగ్గర ఇంకో విచిత్రం ఉంది. ప్లాటినంలో ఉన్నదీ ఆ పెద్ద బ్యాటరీయే. కానీ 22 అంగుళాల చక్రాలు, పెరిగిన బరువు కలిసి దూరాన్ని 300 మైళ్ళకు దించాయి. సరైన ప్యాకేజీతో ఎక్స్‌ఎల్‌టీ, లారియట్‌లు 10,000 పౌండ్ల ట్రైలర్‌ను, అంటే సుమారు 4,500 కిలోలను లాగుతాయి. ప్లాటినం 8,500 పౌండ్ల దగ్గరే ఆగుతుంది. ఎక్కువ పెట్టినవాడు తక్కువ దూరం పోతాడు, తక్కువ బరువు లాగుతాడు. టెస్లా సైబర్‌ట్రక్కుదీ ఇదే వరస. 2023 నవంబరులో 79,990 డాలర్ల ట్రిమ్‌కు 340 మైళ్ళు చెప్పి, 99,990 డాలర్ల సైబర్‌బీస్ట్‌కు 320 చెప్పారు. పనిముట్టుకు దాని పనే హద్దు గీస్తుందనీ, ఏ విద్యలోనూ హద్దులేని పనిముట్టు ఉండదనీ అరిస్టాటిల్ తన రాజనీతి గ్రంథంలో వాదించాడు. ఆ లెక్కన పికప్ అనే పనిముట్టు లారియట్ దగ్గరే పూర్తయింది. ప్లాటినంలో మొదలయ్యేది వేరే వస్తువు. దాని సీట్లకు వేసిన తోలుకు ఫోర్డ్ పెట్టిన పేరు నిర్వాణ. బౌద్ధులు దీన్ని పట్టించుకోకపోవడమే మంచిది.

ఖరీఫ్‌లో యూరియా దొరకనప్పుడు కొందరు డీలర్లు బస్తాకు లింకు పెడతారు. యూరియా కావాలంటే ఫలానా పురుగుమందు డబ్బా కూడా ఎత్తుకుపోవాల్సిందే. ట్రిమ్ మర్యాదగా పెట్టిన లింకు. రైతు ఆ డబ్బాను తిట్టుకుంటూ తీసుకుంటాడు, పికప్ కొన్నవాడు తోలు సీటును తడిమి మురిసిపోతాడు. నైతికంగా చిక్కైన తేడా ఇక్కడే ఉంది. అడగకుండా అంటగట్టినదాన్ని మనసు మెల్లగా తన కోరికగా రాసుకుంటుంది. ఆరునెలలు పోయాక అది లేని బండి అతనికి ఆనదు.

ఈ లింకు ఎందుకు పెడతారో ఫ్రెంచి ఇంజనీరు జూల్ డ్యుపుయి 1849లోనే చెప్పాడు. అప్పటి రైళ్ళలో మూడో తరగతి బోగీలకు పైకప్పు ఉండేది కాదు, కూర్చోవడానికి చెక్కబల్లలే. కప్పు వేయడానికి పెద్ద ఖర్చేమీ కాదు. పేదవాణ్ణి బాధపెట్టాలన్న కక్షా లేదు. రెండో తరగతి టికెట్టు కొనగలిగినవాడు మూడోదానిలోకి దిగిపోకుండా భయపెట్టడమే ఉద్దేశం. అంటే అట్టడుగు మెట్టులో లేనివన్నీ ఖర్చు కలిసిరాక లేనివి కావు. కొన్నిటిని పనిగట్టుకుని తీసేస్తారు. ఎలక్ట్రిక్ బండ్లలో ఈ తీసేయడం సాఫ్ట్‌వేర్‌తోనే అయిపోతుంది. టెస్లా ఒకప్పుడు 60 అని రాసి అమ్మిన కొన్ని కార్లలో నిజానికి ఉన్నది 75 యూనిట్ల బ్యాటరీ. మిగతాదానికి తాళం వేసి ఉంచింది. 2017 సెప్టెంబరులో ఇర్మా తుపాను ఫ్లోరిడా మీదికి వస్తుంటే, ఊళ్ళు విడిచి పోతున్నవాళ్ళ కార్లకు ఆ తాళాన్ని దూరం నుంచే కొన్నాళ్ళపాటు తీసింది. అది దయే, సందేహం లేదు. కానీ ఆ కారులో ఉన్న బ్యాటరీ ఎవరిది అన్న ప్రశ్న ఆ దయతోనే పుట్టింది. తన బండి అడుగున ఎప్పుడూ మోస్తున్న బరువును ప్రాణం మీదికి వచ్చినప్పుడు మాత్రమే వాడుకోనివ్వడాన్ని యాజమాన్యం అనడం కష్టం.

అవసరం, అలంకారం ఒకే ధరలో ముడిపడితే మతనిష్ఠ ఉన్న మనిషి ఏం చేయాలన్నదానికి తెలిసిన జవాబుల్లో అతి నిక్కచ్చి అయినది జాన్ వూల్మన్‌ది. వూల్మన్ (1720–1772) న్యూజెర్సీలోని మౌంట్ హాలీ ఊరివాడు, క్వేకర్లనే నిరాడంబర క్రైస్తవ శాఖకు చెందినవాడు. దర్జీపని చేస్తూ దుకాణం నడిపేవాడు. వ్యాపారం బాగా సాగుతోందని గమనించి, అదే తన మనసుకు అడ్డమని దుకాణం తగ్గించుకున్నాడు. అద్దకం వేయని బట్ట, అద్దకం వేయని టోపీ వాడేవాడు. రంగు మురికిని కప్పిపెడుతుందని అతని అభ్యంతరం. బానిసల చేత పండించిన సరుకులన్నా అతనికి పడదు. 1772లో ఇంగ్లండు వెళ్ళాలనుకున్నాడు. సాటి క్వేకరు శామ్యూల్ ఎమ్లెన్ మేరీ అండ్ ఎలిజబెత్ అనే ఓడలో క్యాబిన్ తీసుకుంటున్నాడు. వూల్మన్ కూడా ఓడ చూడటానికి వెళ్ళాడు. క్యాబిన్ ఉన్న వైపు, ఓడ బయటి చెక్క మీద చెక్కడపు పని, బొమ్మలు కనిపించాయి. లోపలా అలాంటి సోకులే. ప్రయాణికుల నుంచి వసూలు చేసే చార్జీ ఇలాంటి గదికి అయ్యే ఖర్చును బట్టే ఉంటుందని అతను లెక్కగట్టాడు. నిద్రపోవడానికి చోటు కోసం కట్టే డబ్బులో కొంత ఆ చెక్కడాలకు పోతుంది. ఆ భాగం కట్టడానికి మనసొప్పక, నావికులు పడుకునే కిందిభాగం, స్టీరేజ్, తీసుకుంటానన్నాడు. ఓడ యజమానుల్లో ఒకరికి ఈ కారణం మొహం మీదే చెప్పాడు కూడా.

ఈ నిర్ణయంలో చూడాల్సింది బీదతనం మీద ఇష్టాన్ని కాదు. ముడిని విప్పే వీలు లేనప్పుడు ముడి మొత్తాన్నీ వదులుకున్నాడు, అవసరంతో సహా. స్టీరేజ్‌లో గాలి ఆడదు. నీళ్ళు పడకుండా పైద్వారపు మూత వేసేస్తే ఊపిరందక అవస్థ పడ్డాడు. తడిసిన బట్టలతో వచ్చి పడుకునే నావికుల మధ్య, పని నేర్చుకుంటున్న కుర్రాళ్ళ మధ్య వారాల తరబడి ఉన్నాడు. వాళ్ళ బతుకు ఎంత కఠినమో ఎంత దగ్గరగా తెలిసిందంటే, అతని దినచర్య పుస్తకంలో ఆ ప్రయాణపు పేజీలు చాలావరకు వాళ్ళ గురించే. క్యాబిన్‌లో ఉండి ఉంటే ఆ పేజీలు లేవు. ఎమ్లెన్ క్యాబిన్‌లోనే వెళ్ళాడు. అతన్ని వూల్మన్ తప్పుపట్టలేదు. ఇంగ్లండులో దిగాక గుర్రపుబండి ఎక్కడానికీ ఒప్పుకోలేదు. వేగం కోసం గుర్రాలను చచ్చేలా తోలుతున్నారనీ, టపా గుర్రాల మీద పోయే కుర్రాళ్ళు చలికి కొయ్యబారిపోతున్నారనీ విని కాలినడకన పోయాడు. ఆ అక్టోబరులో యార్క్‌లో మశూచితో పోయాడు.

వూల్మన్ దారి అందరికీ నడిచేది కాదు. ఎలక్ట్రీషియన్ 515 కిలోమీటర్ల బ్యాటరీని అలా వదిలేస్తే పనే వదులుకోవాలి. గృహస్థుకు పనికొచ్చే నియమం జైనుల దగ్గర దొరుకుతుంది. జైన శ్రావకుడు పట్టే అయిదో అణువ్రతం పరిగ్రహ పరిమాణం, దీన్నే ఇచ్ఛా పరిమాణమనీ అంటారు. సన్యాసిలా అన్నీ వదలనక్కర్లేదు. ఎంతవరకు ఉంచుకుంటాడో ముందే చెప్పి, ఆపైన ఆశించకూడదు. ఉపాసకదశాంగ సూత్రంలో వాణిజ్యగ్రామానికి చెందిన ఆనందుడు మహావీరుడి ముందు ఈ వ్రతం పట్టిన కథ ఉంది. అందులో అతను కట్టుబడిన హద్దుల్లో బండ్ల లెక్క కూడా ఉంది: దూరప్రయాణాలకు 500, ఇంటి అవసరాల రవాణాకు 500. ఈ అంకెలు చూసి నవ్వొస్తుంది, నిజమే. కానీ ఆ వ్రతం అడుగుతున్నది తక్కువలో బతకమని కాదు, సంఖ్య చెప్పమని. బండ్ల దగ్గరా ఆగలేదు. తుడుచుకునే తువ్వాలు ఏది, పళ్ళు తోముకునే పుల్ల ఏది అన్నదాకా ఒక్కొక్కటీ పేరు పెట్టి మిగతావి వదిలేశాడు.

ట్రిమ్ ఎంపికకు ఈ పద్ధతిలో ఉన్న బలం దాని వేళలో ఉంది. హద్దు వస్తువు ఎదుట పడకముందే గీయాలి. షోరూములో అయితే గీత ప్రతి మెట్టు దగ్గరా కొంచెం జరుగుతుంది. 53 వేలు ఒప్పుకున్న మనసుకు 67 వేలు పెద్ద దూరంలా అనిపించవు, అక్కడి నుంచి పెద్ద బ్యాటరీ మరో పది వేలే. యోగసూత్రాల మీద వ్యాసుడు రాసిన భాష్యం అపరిగ్రహాన్ని వివరిస్తూ వస్తువుల్లో అయిదు దోషాలు చూపిస్తుంది: సంపాదించడంలో ఉన్న శ్రమ, కాపాడుకోవడంలో ఉన్న ఆరాటం, అరిగిపోవడం, అంటుకుపోవడం, హింస. మొదటి నాలుగూ కొన్నవాడి మనశ్శాంతికి సంబంధించినవి. ఏడేళ్ళ వాయిదాలు, గీత పడుతుందేమోనన్న బెంగ, రెండేళ్ళకే పాతబడే తెర, అన్నీ ఈ ఖాతాలోవే. అయిదోది కొనని వాళ్ళ మీద పడేది. ఎలక్ట్రిక్ పికప్ విషయంలో అదే బరువైనది.

ఆ బరువు మాట అక్షరాలా నిజం. జీఎంసీ హమ్మర్ ఎలక్ట్రిక్ పికప్ 9,000 పౌండ్లు దాటుతుంది, అంటే నాలుగు టన్నుల పైమాట. అందులో బ్యాటరీ ఒక్కటే సుమారు 2,900 పౌండ్లు. ఇలాంటి బండ్లు చిన్న కార్లను ఢీకొంటే ఏమవుతుందోనని అమెరికా జాతీయ రవాణా భద్రతా బోర్డు అధ్యక్షురాలు జెన్నిఫర్ హోమెండీ 2023 జనవరిలో బహిరంగంగానే ఆందోళన చెప్పారు. పెద్ద బ్యాటరీ ఉన్న ట్రిమ్ తీసుకున్నవాడు తన భద్రతను, సౌకర్యాన్ని కొనుక్కుంటూ ఎదుటివాడి ప్రమాదాన్ని కొంత పెంచుతున్నాడు. ధరల పట్టికలో దానికి గడి లేదు. ఖనిజం సంగతి ఇంకొకటి. నికెల్, కోబాల్ట్ కలిసిన బ్యాటరీల వెనక కాంగో గనులున్నాయి. అక్కడ పిల్లలు చేతులతో కోబాల్ట్ తవ్వుతున్నారని మానవహక్కుల సంస్థ ఆమ్నెస్టీ 2016లో నివేదిక ఇచ్చింది. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం బ్యాటరీలో ఈ రెండు లోహాలూ ఉండవు. రివియన్ కంపెనీ 2024లో మార్చిన ఆర్1టీ పికప్‌లో ఆ రకం పెట్టింది అన్నిటికన్నా చవకైన స్టాండర్డ్ ప్యాక్‌లోనే. దానితో వెళ్ళే దూరం సుమారు 270 మైళ్ళు, అన్నిటికన్నా పెద్ద ప్యాక్‌తో 420. వూల్మన్ అద్దకం లేని టోపీ కోసం వెతుక్కోవాల్సి వచ్చింది. ఈ కాలపు క్వేకరుకు అలాంటిది కింది మెట్టులోనే దొరుకుతుంది, ఎవరూ దాన్ని పుణ్యమని ప్రచారం చేయకపోయినా.

ముడిని మరోలా ఎదుర్కొన్నవాళ్ళూ ఉన్నారు. పెన్సిల్వేనియాలోని లాంకాస్టర్ కౌంటీలో పాతపద్ధతి మెన్నొనైట్లనే క్రైస్తవ శాఖవాళ్ళు 1927లో కారు విషయంలో రెండుగా చీలారు. గుర్రపుబండే చాలన్నవాళ్ళు జోసెఫ్ వెంగర్ వెంట పోయారు. బిషప్ మోజెస్ హార్నింగ్ వెంట ఉన్నవాళ్ళు కారు ఒప్పుకున్నారు. కానీ కారు నల్లగా ఉండాలి, తళతళలాడే క్రోమ్ బంపర్లకు కూడా నల్లరంగు పూయాలి. అందుకే వాళ్ళకు బ్లాక్ బంపర్ మెన్నొనైట్లని పేరొచ్చింది. కంపెనీ అంటగట్టిన సోకును డబ్బిచ్చి తెచ్చుకుని, ఇంటికొచ్చాక రంగుడబ్బాతో రద్దు చేయడం ఇది. వూల్మన్ ఒప్పుకునేవాడు కాదేమో, చెక్కడానికి డబ్బు అప్పటికే పోయింది కాబట్టి. అయినా సమాజం లోపల పోటీని ఇది తుంచేస్తుంది. బంపర్ నల్లబడ్డాక ఎవరిది ఏ మోడలో పక్కింటివాడు లెక్క పెట్టుకోడు. సరుకు మెరుపు యజమాని హోదాకు గుర్తుగా పనిచేస్తుందని ఆర్థికవేత్త థోర్‌స్టీన్ వెబ్లెన్ 1899లో రాసినదానికి ఒక సమాజం చేతులతో ఇచ్చిన జవాబిది. మార్కెట్ మాత్రం నలుపును కూడా వదల్లేదు. లైట్నింగ్‌లో 2024లో ప్లాటినం బ్లాక్ అనే ప్రత్యేక ఎడిషన్ వచ్చింది. బండంతా మెరుపు లేని నలుపు, 2,000 బండ్లకే పరిమితం, ధర ప్లాటినం కన్నా ఎక్కువ.

టాప్ ట్రిమ్‌ను ఆడంబరమని కొట్టిపారేయడం కూడా తొందరపాటే. 2021 ఫిబ్రవరిలో టెక్సస్ గడ్డకట్టి రోజుల తరబడి కరెంటు పోయినప్పుడు, హైబ్రిడ్ ఎఫ్-150 కొన్నవాళ్ళు బండిలోని 7.2 కిలోవాట్ల జనరేటర్‌తో ఇళ్ళు వెచ్చగా ఉంచుకున్నారు. డీలర్ల దగ్గరున్న అలాంటి బండ్లను అవసరమున్నవాళ్ళకు ఇవ్వమని ఫోర్డ్ కోరింది. డాలస్, హ్యూస్టన్‌లలోని తెలుగు కుటుంబాలకూ ఆ చలిరాత్రులు తెలుసు. లైట్నింగ్‌లో ఇది 9.6 కిలోవాట్లు. లారియట్, ప్లాటినంలలో బండితోనే వచ్చేది, కింది మెట్లలో అదనపు డబ్బు కట్టి పెట్టించుకోవాల్సి వచ్చేది. ఒక ఇంటికి అది ఏడాదిలో ఒక్కసారీ వాడని హంగు, ఆక్సిజన్ యంత్రం మీద ఉన్న ముసలివాళ్ళ ఇంటికి ప్రాణం. ఏ ఫీచరు అవసరం, ఏది అలంకారం అన్నది ఫీచరులో రాసి ఉండదు, ఇంటిని బట్టి మారుతుంది. డాలస్, హ్యూస్టన్ గుళ్ళలో కొత్త బండికి వాహనపూజ చేసే పూజారి ట్రిమ్ అడగడు. నిమ్మకాయ ప్రో చక్రం కిందైనా, ప్లాటినం చక్రం కిందైనా ఒకేలా నలుగుతుంది.

అవసరాన్ని ఆత్మవంచన లేకుండా కనిపెట్టడానికి పికప్ మార్కెట్టే ఒక పరీక్ష అందిస్తోంది. సంస్థలు తమ పనివాళ్ళ కోసం కొనేటప్పుడు ప్రో కొనేవి. ఆ పేరు పెట్టిందే వాళ్ళ కోసం. అదే సంస్థ యజమాని తనకు కొనుక్కునేటప్పుడు లారియట్ వైపు చూసేవాడు. పని ఒకటే అయినప్పుడు వేరొకరికి ఏది సరిపోతుందని తాను అనుకుంటాడో అదే అవసరం, ఆ పైన ఉన్నది తన ముచ్చట అని లెక్క వేయొచ్చు. దీనికో లోపం ఉంది. యజమానులు పనివాళ్ళకు ఇచ్చేది ఒక్కోసారి అవసరానికీ తక్కువే. కాబట్టి ఇద్దరికీ ఒకేసారి కొంటున్నట్టు ఊహించుకుంటే లెక్క నిజానికి దగ్గరగా వస్తుంది.

అమెరికా ప్రభుత్వమూ ఒక గీత గీసి చూసింది. 2022 నాటి చట్టం ప్రకారం కొత్త ఎలక్ట్రిక్ బండికి 7,500 డాలర్ల వరకు పన్ను రాయితీ ఉండేది. పికప్‌లకు మాత్రం కంపెనీ నిర్ణయించిన ధర, ఫ్యాక్టరీలో బిగించిన హంగులతో కలిపి, 80,000 డాలర్లు దాటకూడదు. ఒక్క గడిలో టిక్కు ఎక్కువ పెట్టినా మొత్తం రాయితీ పోయేది. చట్టం ధరనే చూడగలదు. బ్యాటరీ కోసం దాటినవాడినీ, తోలు కోసం దాటినవాడినీ ఒకే గాటన కట్టింది. 2025 సెప్టెంబరు 30తో ఆ రాయితీ ఆగిపోయింది. అదే ఏడాది డిసెంబరులో పూర్తి బ్యాటరీ లైట్నింగ్ తయారీని నిలిపేస్తున్నట్టు ఫోర్డ్ కూడా ప్రకటించింది.

చాలు అనుకున్నవాడికి ఆ మెట్టు మిగులుతుందన్న హామీ కూడా లేదు. రివియన్ మొదట్లో ఎక్స్‌ప్లోర్ అనే కింది ట్రిమ్ పెట్టి, తీసుకునేవాళ్ళు కొద్దిమందేనని 2022 ఆగస్టులో ఎత్తేసింది. పక్కవాళ్ళంతా పైమెట్టు ఎక్కితే కిందిమెట్టు తయారే కాదు. దీనికి ఎదురుపోకడ 2025 ఏప్రిల్‌లో స్లేట్ కంపెనీ చూపించిన చిన్న పికప్. దానికి ఒకటే వేరియంట్. రంగు వేయరు, రేడియో లేదు, తెర లేదు, కిటికీ అద్దాలు చేత్తో తిప్పి దించుకోవాలి. బ్యాటరీ 52.7 యూనిట్లు, దూరం దాదాపు 150 మైళ్ళు. ముడి విప్పి అమ్ముతున్నారన్నమాట. అయితే విడిగా కొనుక్కోవడానికి వందకు పైగా సామాన్ల జాబితా కూడా పెట్టారు. ఆనందుడు తన జాబితా తానే చెప్పుకున్నాడు, ఇక్కడ జాబితా రాసింది కంపెనీ. మెట్లెక్కి వచ్చే మొత్తం ఒక్కొక్క వస్తువుగా కూడి కూడా రావచ్చు. పాట కావాలంటే స్పీకరు, రంగు కావాలంటే పైన చుట్టే వినైల్ పొర విడిగా అడిగి, దేనికది డబ్బు కట్టాలి. ప్యాకేజీలో వచ్చిందని చెప్పుకోవడానికి మాత్రం వీలుండదు.